ఎర్రనీటిలో నా సగం

1. మాఘం, పాటు వేళ

ఇంట్లో ఏ పలక మీద ఏం రాసినా ఇద్దరికీ కనిపిస్తుంది. పెళ్ళైన ఇళ్ళన్నిటికీ అదే పద్ధతి. నేను ఉప్పు కొన్నా, అతను మేకులు కొన్నా గోడ పైకి చదివి వినిపిస్తుంది. అందుకే ఇది నా నాచు పడవలో ఉండే పోటు పలక మీద రాస్తున్నాను. ఇది కోతగాళ్ళ సంఘం ఇచ్చింది. ఇందులో పోటు వేళ, పాటు వేళ, కోసిన నాచు గంపలు మాత్రమే రాయాలి. ఇంకేమన్నా రాస్తే చదివే తీరిక సంఘంలో ఎవరికీ లేదు.

ఇవాళ్టి పని నీళ్ళ మీద తేలే మా ఇంటి అడుగున పట్టిన చిప్పలు గీకడం. ఏడాదికోసారి చేస్తాం. ఎప్పుడూ వీరబాబే దిగేవాడు. అతను నా మొగుడు, నా మేనత్త మరిడమ్మ కొడుకు. ఈసారి నడుం పట్టేసిందని మంచం దిగలేదు కాబట్టి నేను దిగాను. పెళ్ళైన పదకొండేళ్ళలో మా ఇంటి అడుగు చూడటం నాకిదే మొదటిసారి.

మా తెప్పలవాడలో పదహారేళ్ళు నిండిన ప్రతి మనిషికీ వాడ ఒక తెప్ప ఇస్తుంది, కింద ఇరవై నాలుగు గాలి పీపాలతో సహా. పెళ్ళినాడు రెండు తెప్పల్నీ ఆనించి మధ్యలో ఇనప పట్టా వేసి అతుకుతారు. ఆ పట్టా మీద నిలబడే దండలు మార్చుకుంటాం. వంటిల్లు, అత్త మంచం, నా పడవ కట్టే రాట నా సగంలో ఉన్నాయి. అతని ఇంజన్ల కొట్టు అతని సగంలో ఉంది.

చిప్పలు గీకుతూ నా సగం కిందికి వచ్చేసరికి పైన ఖాళీగా, వెలుతురుగా కనిపించింది. తడిమి చూసుకున్నాను. నా గుర్తు వేసి ఉన్న పీపాలు తొమ్మిదే ఉన్నాయి. మిగతావన్నీ అతని చక్రం గుర్తుతో అతని కొట్టు కింద వరసగా వేలాడుతున్నాయి. పట్టా ఉన్నంతకాలం ఇందులో భయమేం లేదు, పీపా ఎటుపక్క ఉన్నా ఇల్లు తేలుతుంది. పట్టా కోస్తే మాత్రం అతని సగం నిలబడుతుంది, నాది మునిగిపోతుంది.

పైకొచ్చి జుట్టు పిండుకుంటూ అడిగాను.

"నా వేపు పీపాలు ఎప్పుడు మార్చేవు బావా?"

"కొట్టు ఏసినప్పుడే. ఇంజన్ల బరువు ఆగాలి కదా."

"నాకు చెప్పలేదే."

"చెబితే మాత్రం వద్దంటావా ఏంటి?" అని నవ్వాడు. "అడిగినా ఒప్పుకునేదానివే కదా రత్నం."

మూడేళ్ళ కిందట నాచు పెంచే నా తాళ్ళు అమ్మేసినప్పుడూ ఇదే నవ్వు, ఇదే మాట. ఆ తాళ్ళు నేను పెళ్ళికి ముందు నుంచీ పెంచుకున్నవి. వాటిని అమ్మాక నేను పక్కవాళ్ళ తాళ్ళ మీద కూలికి కోస్తున్నాను. వీరబాబు చెడ్డవాడు కాడు. తాగడు, చెయ్యెత్తడు, ఎవరి ఇంజన్ ఆగినా అన్నం ముందు నుంచి లేచి వెళ్తాడు. వాడంతా అతన్ని మెచ్చుకుంటుంది. నాకు మాత్రం ఇవాళ నీళ్ళ కింద ఊపిరాడలేదు. ముక్కుగొట్టం సరిగ్గానే పనిచేస్తోంది.

పాతకాలం వాళ్ళు విడాకులు అనేవారట. మేం పట్టా కోత అంటాం.

2. ఫాల్గుణం, పోటు వేళ

మెహరున్నీసా గారిని కలిశాను. పట్టాల ఆఫీసులో సలహాలు చెప్పేది ఆవిడే. ఆఫీసు పాత లైట్‌హౌస్ పై అంతస్తులో ఉంది. మునగని నేల అంటే మా పిల్లలకి చూపించేది ఆ మెట్లనే. గోడలు వినవు కాబట్టి అక్కడ ఎంతైనా మాట్లాడుకోవచ్చు. అయినా గొంతు తగ్గించే మాట్లాడాను.

"ముందు అడుగు చూసుకున్నారా?" అన్నారావిడ.

"చూశానండి. తొమ్మిది."

"అయితే ఇప్పుడు అడక్కండి. అడిగిన పదో రోజున మావాళ్ళొచ్చి పట్టా కోస్తారు. మీ సగం మీ గుర్తున్న పీపాల మీదే నిలబడాలి. ఒక పోటూ ఒక పాటూ గడిచేదాకా తెప్ప పక్కన వేసిన తెల్ల గీత మునక్కూడదు. మునిగిందంటే మళ్ళీ అతికేస్తారు. ఇంకో ఏడాది మీరా మాట ఎత్తడానికి లేదు."

"అటు పోయిన నా పీపాలో?"

"పట్టా ఉండగా అటు పోయినవి ఇప్పుడు ఏ గుర్తుంటే వాళ్ళవేనమ్మా. ఉమ్మడి ఖాతాలోంచి కొన్నది ఉమ్మడిది. మీ కూలి తిన్నగా ఖాతాలోకే పోతుంది కదా, అదీ ఉమ్మడిదే."

"మరి నాదంటూ ఏముందండీ?"

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "ఏరుకున్నది ఉంది. తెగి కొట్టుకుపోయే నాచు కోతగాళ్ళదే. అది ఏ ఖాతాకీ ఎక్కదు. దాన్ని తుక్కు పడవవాళ్ళకిస్తే చిల్లుపడ్డ పీపాలిస్తారు. అతుకులు వేసుకోండి. మీ సామానంతా చూస్తే ఇరవై పీపాలుంటే సరిపోవచ్చు."

దాచడం తప్పు కాదా అని అడిగాను. ఈ మాట అడగడానికే వారం రోజులుగా ధైర్యం కూడగట్టుకున్నాను.

"దాచొద్దు. ప్రతి పీపా మీదా మీ గుర్తు పెద్దదిగా వెయ్యండి. ఆయన అడిగితే అబద్ధం చెప్పకండి. అడగకపోతే మీరై చెప్పాల్సిన పని లేదు. రూలు అంతే."

తిరిగి వస్తూ పడవలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఈ రూలు రాసినవాళ్ళకి నా మొగుడు తెలుసేమో. వీరబాబు ఈ పదకొండేళ్ళలో నన్ను అడిగిన ప్రశ్నలు అన్నం ఉడికిందా, తువ్వాలేది, ఈ రెండే.

3. చైత్రం, పాటు వేళ

నాచు పది గంపలు. ఏరింది ఒకటిన్నర గంప. సంఘం వాళ్ళు చదివితే మొదటి ముక్క చదువుకోవచ్చు.

మూడు పీపాలు కట్టాను. చిల్లు పీపా అతకడం చూడటానికి చిన్న పనే గాని చేతులు పగిలిపోతాయి. జిగురు, కొబ్బరి పీచు, దాని మీద మళ్ళీ జిగురు. కింద కట్టి గాలి నింపి కొన్నాళ్ళు కనిపెట్టి చూస్తే తప్ప అతుకు నిలుస్తుందో లేదో తెలియదు. చివరి రోజు దాకా నీళ్ళతో ఉంచి అప్పుడు గాలి నింపుదామంటే అప్పుడే బుడబుడమంటే నా గతేం కాను? కాబట్టి కట్టిన రోజే గాలి నింపుతున్నాను. దానివల్ల ఇంకో చిక్కు వచ్చింది. నా సగం పైకి లేస్తోంది.

మా వాడలో ప్రతి ఇంట్లోనూ దీపాల వేళకి మట్టం చూస్తారు. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి పట్టా మీద సరిగ్గా మధ్యలో పెడతారు. నీళ్ళు ఏ అంచుకి వాలితే ఆ పక్క బరువు ఎక్కువైనట్టు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చి చూసి, బస్తాలో డబ్బాలో అటూ ఇటూ జరుపుతారు. మా ఇంట్లో పళ్ళెం పెట్టేది అత్త. ఆవిడ పెట్టినదాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదు.

పీపా కట్టినప్పుడల్లా మంచినీళ్ళ డబ్బా ఒకటి తెచ్చి నా వేపు పెడుతున్నాను. ఇన్ని నీళ్ళెందుకని వీరబాబు అడగలేదు. పళ్ళెంలో నీళ్ళు నిలకడగానే ఉన్నాయి.

4. వైశాఖం, పోటు వేళ

ఆరు కట్టాను. ఒకటి కారితే విప్పి మళ్ళీ అతికాను.

ఇవాళ మధ్యాహ్నం అన్నం తింటుండగా గోడ చదివింది. "ఇల్లు బయటి వరసకి మార్పు ఖాయమైంది. ఎర్రనీరు తీసిన వెంటనే లాగుడు. సంతకం, వీరబాబు."

ఎర్రనీరంటే వానాకాలంలో వచ్చే గోదారి వరద నీరు. ముద్ద నోట్లోనే ఉండిపోయింది. బయటి వరస అంటే అలలు నేరుగా కొట్టే చోటు. పెద్ద పడవలు అక్కడే ఆగుతాయి కాబట్టి ఇంజన్ల పనికి మంచిదే. నేను కూలికి కోసే నాచు తాళ్ళు మాత్రం లోపలి నీళ్ళలో ఉన్నాయి, వచ్చి పోవడానికే పూటంతా పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బయటి వరస ఇళ్ళకి రెండో పట్టా వేస్తారు. రెండు పట్టాలున్న ఇంటిని మూడేళ్ళ దాకా కోయరు. తుపాను భయం.

"బావా, ఎప్పుడనుకున్నావిది?"

"పోయిన నెల్లోనే. నీకు మంచి చోటు చూశాను, తూరుపు మొగం. పొద్దున్నే ఎండ కరెంటు రేకుల మీద పడుద్ది, దీపాలకి లోటుండదు." చేప ముల్లు తీసి కంచం అంచున పెట్టాడు. "సంతోషపడతావనుకున్నాను."

నిజంగానే నా కోసం చూసి ఉంటాడు. ఏడుపొచ్చింది. పులుసులో కారం ఎక్కువైందని చెప్పి లేచిపోయాను. నిదానంగా రెండేళ్ళకి అడుగుదామనుకున్నది, ఇప్పుడు ఎర్రనీరు తీసేలోపు అడగాలి.

5. జ్యేష్ఠం, పాటు వేళ

తొమ్మిది కట్టాను. ఉన్న తొమ్మిదితో కలిపి పద్దెనిమిది.

నీళ్ళ డబ్బాలు ఎప్పుడో అయిపోయాయి. ఇక బరువు పెట్టడానికి నా వేపు చోటు లేదు. అయినా పళ్ళెంలో నీళ్ళు కదలడం లేదు. నా అదృష్టమనుకున్నాను. ఇవాళ వంటింటి గుమ్మంలో కూర్చుని చేప తోముతూ అటే చూస్తుంటే, పళ్ళెం అతని వేపు అంచు కింద ఏదో నల్లగా కనిపించింది. వీరబాబు మట్టం చూసి కొట్టులోకి వెళ్ళాక దగ్గరికెళ్ళి చూశాను. నాలుగు మడతలు వేసిన పాత చీర పేలిక.

"అత్తా, పళ్ళెం కింద ఇదేంటి?"

"గుడ్డ," అంది అత్త, ఒత్తులు చేసుకుంటూ.

"ఎందుకు పెట్టేవు?"

"నీళ్ళు వాడివేపు జారతన్నాయి గనక."

పట్టా మీదే కూర్చున్నాను. "ఎప్పట్నించి?"

"నాలుగో పీపా కాణ్ణించి. మొదటి మూడూ నీ డబ్బాలు ఆపేయి. నా మంచం నీ సగంలోనే ఉంది కదే. నువ్వు కింద కట్టినప్పుడల్లా నేను పైన లేత్తన్నాను. ఆ మాత్రం తెలీదేంటి నాకు?"

"నీ కొడుకుతో చెప్పలేదేం?"

"వాడు అడగలేదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అత్తకి నవ్వొచ్చి, నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. "మీ మావయ్య కూడా అంతే. వీడిది ఆ పోలికే. మంచిగా చూసుకునేవాడు, మాటే అడిగేవాడు కాదు. నేను చెప్పి మార్చుకోలేకపోయేను. వీణ్ణీ మార్చలేకపోయేను." చేసిన ఒత్తి పక్కన పెట్టి ఇంకో మాట అంది. "నువ్వెళ్ళేప్పుడు నన్ను మాత్రం వత్తావా అని అడక్కే. అడిగితే వత్తానంటాను. నా బరువుక్కూడా నువ్వు పీపాలేం కట్టలేదు కదా."

కట్టలేదు. కుండలు, చాపలు, తడి చీరలు, వాకిట్లో రుబ్బురోలు అన్నీ బరువు కట్టుకున్నాను. అత్తని కట్టుకోలేదు. రూలు ప్రకారం మొగుడి తల్లి మొగుడి బరువు. ఆవిడ నాకు అత్తగారు కాకముందే మా నాన్న అక్క. మా అమ్మ పోయాక నాకు తల దువ్వింది ఆవిడే. ఆ సంగతి నా లెక్కలో ఎక్కడా లేదు. నాకు చాలా సిగ్గేసింది.

6. ఆషాఢం, పోటు వేళ

ఇరవై అయ్యాయి. ఆ ముచ్చట ఒక్క రోజు కూడా నిలవలేదు.

ఎర్రనీరు వచ్చేసింది, అనుకున్నదానికంటే ముందుగా. తెల్లవారేసరికి వాడ చుట్టూ గోదారి కలిసిన నీళ్ళు, ఇటుక రంగులో. పులస వచ్చిందని వరసల మధ్య పడవలవాళ్ళ కేకలు. అందరూ వాకిళ్ళలో నిలబడి పులస బేరమాడుతున్నారు. నేను ఒక్కదాన్నే వంగి గీత చూసుకుంటున్నాను.

ఉప్పునీరు మోసినట్టు ఏటినీరు మోయదు. మా వాడలో నడక రాని పిల్లలు కూడా ఎర్రనీటికి ఇళ్ళు దిగుతాయని ఎరుగుదురు. నేను లెక్కంతా మాఘం నీటిలో వేసుకున్నాను. అప్పుడు అడగడం ఎప్పుడో ఉప్పునీటి రోజుల్లో కదా అనుకున్నాను. బయటి వరస మాట వచ్చాక తేదీ మారింది గాని లెక్క మార్చాలన్న ధ్యాస రాలేదు. ఇరవై పీపాల మోతలో అర పీపా మోత ఎర్రనీరు తినేస్తుంది. ఇన్ని నెలలు నీళ్ళలోనే నానిన మనిషిని, ఏ నీళ్ళో చూసుకోలేదు.

ఇంకో పీపా కడదామంటే ఏరుకోవడానికి నాచు లేదు. ఎర్రనీటికి నాచు కుళ్ళిపోతుంది, కోతలు ఆపేస్తారు. ఆగుదామంటే ఎర్రనీరు తీసిన మర్నాడే లాగుడు, రెండో పట్టా.

నీళ్ళ డబ్బాలన్నీ పారబోస్తే, చాపలూ పెట్టెలూ అతని వేపు పెట్టేస్తే, రోలుతో సహా నేనొక్కదాన్ని ఉంటే, గీత వేలెడు పైన నిలుస్తుందేమో. అత్త ఉంటే నిలవదు. ఎన్నిసార్లు వేసినా అదే తేలుతోంది.

7. ఆషాఢం, పాటు వేళ

చెప్పేశాను.

కొట్టులో ఇంజన్ విప్పుకుని కూర్చున్నాడు. ఎదురుగా పీట మీద కూర్చుని, "బావా, రేపు పట్టాల ఆఫీసుకెళ్తున్నాను. కోత అడుగుతాను," అన్నాను. ఎన్నో నెలలుగా నాలో నేను ఎన్నో రకాలుగా అనుకున్న మాట. తీరా బయటికి వచ్చేసరికి అంతే వచ్చింది.

అతను స్క్రూ ఒకటి తుడిచి గిన్నెలో వేశాడు. "సర్లే. బయటి వరసకి వెళ్ళేక మాట్లాడుకుందాం."

"అక్కడికి నేను రాను."

"నీ సగం తేలదు రత్నం," అన్నాడు. బెదిరింపు కాదు. ఇంజన్ తిరగదు అన్నట్టే చెప్పాడు.

"తేలుతుంది."

లేచి, చొక్కా అయినా తీయకుండా నీళ్ళలోకి దిగాడు. ఎర్రనీటిలో కళ్ళకి ఏమీ కనపడదు, చేత్తో తడిమి లెక్కపెట్టుకుని ఉంటాడు. చాలాసేపటికి పైకొచ్చాడు. ఒళ్ళంతా ఎర్ర మట్టి చారలు.

"ఇరవై," అన్నాడు. "అన్నిటి మీదా నీ గుర్తే. నాకు తెలీదు."

"అడగలేదు కదా బావా."

తడి బట్టలతోనే పట్టా మీద కూర్చున్నాడు. "నీకేం తక్కువ చేసేనే?" అంటాడేమో అనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. అతను అదీ అడగలేదు. పక్కన కూర్చుని అతని తల తుడవాలనిపించింది. తువ్వాలు తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. జాలి పడి ఇంకో పదకొండేళ్ళు ఉండిపోయే మనిషిని నేను. అందుకే అక్కడ నిలబడలేదు.

8. ఆషాఢం, కోత రోజు

అన్నీ వరసగా రాస్తాను.

మెహరున్నీసా గారు, పట్టా కోసే ఆయన వచ్చారు. నా సగం బోసిగా ఉంది. ఒక చాప, రెండు గిన్నెలు, వాకిట్లో రోలు. రోలు తేలికైన బరువేం కాదు, కానీ అది మా నాయనమ్మది. అత్త పెళ్ళికి అత్తతో వచ్చింది. దాన్ని ఎటు పెట్టాలో నాకు తోచక అక్కడే ఉంచాను.

కోసే ఆయన అడుగు చూసి పైకొచ్చాడు. "ఇరవై రెండున్నాయండి. రెంటి మీద చక్రం గుర్తుంది."

చక్రం వీరబాబు గుర్తు. అందరం అతని వేపు చూశాం.

"నావే," అన్నాడు. "తెల్లారుఝామున కట్టేను. ఎర్రనీరు కదా, గీత మునుగుద్దేమో అని."

మెహరున్నీసా గారు నెమ్మదిగా చెప్పారు. "పరాయి గుర్తు పీపా ఉంటే సగం తనంతట తాను తేలినట్టు లెక్క కాదండీ. అవి ఉంటే ఇవాళ కోత లేదు, అడిగినది పోయినట్టే. నూకరత్నం గారూ, ఉంచుతారా, తీయిస్తారా? మీరే చెప్పాలి."

"సాయమే కదా చేసేను!" అన్నాడు వీరబాబు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. నన్ను ఆపడానికి చేసిన పని కాదది. నేను మునిగిపోకూడదనే కట్టాడు, ఆ చలినీళ్ళలో, నడుం నొప్పితో. పదకొండేళ్ళుగా అతను చేసినవన్నీ ఇలాంటివే. కోపమూ ఏడుపూ కలిసి పైకొచ్చాయి.

"నన్ను అడగాల్సింది బావా," అన్నాను. "ఒక్క మాట అడిగితే వద్దని చెప్పేదాన్ని."

కత్తి నోట కరుచుకుని దిగాను. కింద ఏమీ కనపడలేదు. ఒక్కో పీపానీ తడిమి, గుర్తు వేలితో చదివి, చక్రం తగిలినచోట తాడు కోశాను. రెండు పీపాలూ నన్ను రాసుకుంటూ పైకి పోయాయి. పైకొచ్చేసరికి వీరబాబు వాటిని తన వేపు లాక్కుని కడుతున్నాడు. నా వంక చూడలేదు.

"ఈ సగం మీద ఎవరెవరుంటారు?" అన్నారు మెహరున్నీసా గారు. "ఉండేవాళ్ళు కోతకి ముందే ఎక్కాలి."

అత్త పట్టాకి అవతల నిలబడి ఉంది, చేతిలో ఇత్తడి పళ్ళెం పట్టుకుని. నా కళ్ళలోకి చూడకుండా నీళ్ళ వేపు చూస్తోంది. అడగొద్దని చెప్పింది. అడిగితే గీత మునుగుతుంది, మునిగితే రెండో పట్టా, మూడేళ్ళు. అడక్కపోతే నేను తేలతాను. అడక్కుండానే అత్త తరఫున నేనే నిర్ణయించేసినట్టు అవుతుంది. ఆ పని ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"అత్తా," అన్నాను. "నాతో వస్తావా?"

అత్త కొడుకు వేపు తిరిగింది. అతను తల వంచుకుని తాడు ముడి వేస్తున్నాడు. వేసిన ముడే మళ్ళీ వేస్తున్నాడు. అత్త వెళ్ళి అతని తల మీద చెయ్యి పెట్టింది. తర్వాత పళ్ళెం అక్కడ పట్టా పక్కన దించి, "వత్తాను," అని ఇవతలికి అడుగు వేసింది.

గీత దగ్గర నీళ్ళు నాకుతున్నాయి. కోసే ఆయన పెదవి విరిచాడు.

"ఆ రోలు తొయ్యవే," అంది అత్త.

"నాయనమ్మదత్తా."

"మా అమ్మదేలే. నాకు తెల్దా ఎవరిదో. పట్టు."

ఇద్దరం కలిసి దొర్లించాం. అంచున ఒక్క క్షణం ఆగింది. అత్త దాని మీద అరచెయ్యి వేసి నిమిరి, ఒక్క తోపు తోసింది. ఎర్రనీరు లేచి మా ఇద్దరి మొహాల మీదా పడింది. గీత చిటికెన వేలంత పైకి వచ్చింది.

పట్టా కోశారు. ఇనుము అరిచిన అరుపు ఒళ్ళంతా పాకింది. ఆఖరి ముక్క తెగేసరికి మా సగం ఒక్కసారి కిందికి దిగి, అటు ఒరిగి, ఇటు ఒరిగి, నిలబడింది. మధ్యలోకి నీళ్ళు వచ్చాయి. అవి మొదట జానెడు, తర్వాత బారెడు, తర్వాత ఒక పడవ పట్టేంత అయ్యాయి.

నేనొక కొసన, అత్తొక కొసన కూర్చున్నాం. కదలలేదు. పోటు వచ్చింది, పాటు వచ్చింది. అత్త దగ్గినప్పుడల్లా నేను గీత చూశాను. ఒక పులస పడవ దగ్గరగా పోయినప్పుడు అల గీత మీదికి ఎక్కి దిగింది. అలకి ఎక్కితే మునిగినట్టు కాదని మెహరున్నీసా గారు తల ఊపారు. దీపాల వేళకి ముందు ఆవిడ తన పలక మీద ఒక్క మాట రాసుకుని నాకు చూపించారు. తేలింది.

9. అదే రోజు, దీపాల వేళ

మాకు పళ్ళెం లేదు. అత్త గిన్నె మూతలో నీళ్ళు పోసి చాప మీద పెట్టింది. కొంచెం అటు వాలింది. నేను కొంచెం ఇటు జరిగాను. సరిపోయింది.

వరసంతా దీపాలు పెడుతున్నారు. నీళ్ళకి అవతల వీరబాబు తన సగం మీద ఒక్కడే ఉన్నాడు. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని రెండు చేతులా పట్టుకుని, పట్టా ఉండిన అంచు దగ్గరికి వెళ్ళాడు. వెనక్కి వచ్చాడు. కొట్టు గుమ్మం దగ్గరికి వెళ్ళాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

చివరికి ఇటు తిరిగి నిలబడ్డాడు.

"అమ్మా!" అని పిలిచాడు. "పళ్ళెం ఎక్కడ పెట్టాలే?"

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ నోటి వెంట అలా అడిగే మాట నేను ఎప్పుడూ వినలేదు. నా గుండె ఎంత కొట్టుకుందంటే తెప్ప కదిలిందేమో అని మూత వేపు చూశాను.

"అంచున కాదు బావా," అని అరిచాను. "ఇప్పుడు నడిమి మారింది. కొట్టు గుమ్మానికి ఇవతల పెట్టి చూడు."

పెట్టాడు. వంగి చూశాడు. "కొట్టు వేపు వాలింది."

"ఇంజనొకటి ఇటు లాగు."

లాగాడు. చెక్కల మీద ఇనుము గీరుకునే చప్పుడు నీళ్ళ మీదుగా మా దాకా వచ్చింది. నడుం పట్టుకుని ఒక్క నిమిషం ఆగాడు. మళ్ళీ వంగి పళ్ళెం చూశాడు.

"రత్నం," అన్నాడు. "ఇంకొంచెం జరపనా?"

అత్త నా చెయ్యి పట్టుకుంది. నేను లేచి నిలబడి, అతని పళ్ళెంలో నీళ్ళు ఎటు మెరుస్తున్నాయో చూసి, జవాబు చెప్పాను.